సైటుకి బీమా ఉంది, మరి మీకు ఉందా?

2019 నవంబరులో మస్కట్‌లో పెద్ద వాన పడింది. సీబ్ విలాయత్‌లోని ఎయిర్‌పోర్ట్ హైట్స్ ప్రాంతంలో అప్పుడు నీటి పైపులైను పని నడుస్తోంది. నేలకు 14 మీటర్ల లోతున పనిచేస్తున్న ఆరుగురు కార్మికులు వరద నీటిలో చిక్కుకుపోయారు. మోటార్లు పెట్టి గంటల తరబడి నీళ్లు తోడినా ఒక్కరూ ప్రాణాలతో దొరకలేదు. ఆరుగురూ మన దేశం వాళ్లే. 2021 అక్టోబరులో షాహీన్ తుఫాను వచ్చినప్పుడు రుసైల్ ఇండస్ట్రియల్ ఏరియాలో కార్మికులు ఉండే చోటు మీద కొండ కూలి ఇద్దరు పోయారు. 2022 మార్చిలో ఇబ్రీ దగ్గర అల్ ఆరిద్ రాతి క్వారీలో బండలు విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు.

ఇలాంటి కబురు వచ్చిన ప్రతిసారీ మన రూముల్లో ఒకటే మాట వినిపిస్తుంది. "పెద్ద కంపెనీ కదా, ఇన్సూరెన్సు ఉంటుందిలే. ఇంటివాళ్లకి ఏదో ఒకటి వస్తుంది."

ఏ ఇన్సూరెన్సు? ఎవరి పేరు మీద? ఎంత? ఈ మూడు ప్రశ్నలకీ ప్రమాదం జరిగాక జవాబు వెతికితే లాభం లేదు. ఒక సైటు మీద మూడు నాలుగు రకాల బీమాలు ఉండొచ్చు, వాటిలో ఒక్కటి కూడా మీది కాకపోవచ్చు. అందుకే ఈసారి ఈ విషయాన్ని మొదటి నుంచీ చెప్పుకుందాం.

కాంట్రాక్టరు తీసుకునే బీమా ఎవరి కోసం?

బిల్డింగు కాంట్రాక్టు దక్కగానే కాంట్రాక్టరు చేత యజమాని మామూలుగా ఒక పాలసీ తీయిస్తాడు. దాన్ని కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ అంటారు. పేరు చూస్తే అన్ని ప్రమాదాలకీ వర్తిస్తుందేమో అనిపిస్తుంది. నిజానికి అందులో రెండు భాగాలు ఉంటాయి.

మొదటి భాగం కట్టడానికి. కట్టిన గోడ కూలినా, తుఫానుకి షట్టరింగు కొట్టుకుపోయినా, తెచ్చిపెట్టిన సామాను కాలిపోయినా ఆ నష్టం కట్టిస్తుంది. రెండో భాగం బయటివాళ్లకి. దీన్నే థర్డ్ పార్టీ లయబిలిటీ అంటారు. ఈ ఒక్క బాధ్యతకే విడిగా పాలసీ తీస్తే దానికి జనరల్ లయబిలిటీ అని పేరు. మీ పని వల్ల దారిన పోయేవాడికి దెబ్బ తగిలినా, పక్క విల్లా గోడ పగిలినా, రోడ్డు మీద ఆపిన కారు నుజ్జయినా కాంట్రాక్టరు తరఫున బీమా కంపెనీ డబ్బు కడుతుంది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఆ "బయటివాళ్లు" అనే మాటలో మీరు లేరు. కాంట్రాక్టరు దగ్గర జీతం తీసుకునే మనిషి బయటివాడు కాదు కదా. అందుకే థర్డ్ పార్టీ పాలసీల్లో "పాలసీదారు దగ్గర పనిచేసేవారి గాయాలకు ఇది వర్తించదు" అన్న షరతు మామూలుగా ఉంటుంది. ఇది మోసం కాదు, ఆ పాలసీ తయారైందే అలా. పనివాళ్లకి వేరే పాలసీ ఉంటుంది కాబట్టి దీంట్లోంచి తీసేశారు. ఆ వేరే పాలసీని కాంట్రాక్టరు తీయకపోతే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది.

ఒక పరంజా కూలిందనుకోండి

బౌషర్‌లో మూడంతస్తుల ఇల్లు కడుతున్నారనుకుందాం. గాలికి పరంజా, అంటే స్కాఫోల్డింగు, కూలింది. మీద ఉన్న ప్లాస్టరింగు మేసన్ కిందపడి నడుము విరిగింది. ఒక పైపు ఎగిరి పక్క విల్లాలో బట్టలు ఆరేస్తున్న ఇంటి పనమ్మాయి భుజానికి తగిలింది. ఇంకో పైపు వీధిలో ఆగిన కారు అద్దం పగలగొట్టింది. సగం కట్టిన పిట్టగోడ కూడా ఊడిపోయింది.

పిట్టగోడకి కట్టడం బీమా ఉంది. కారుకి, పక్కింటి పనమ్మాయికి థర్డ్ పార్టీ బీమా ఉంది. ఆ అమ్మాయి ఈ కాంట్రాక్టరు మనిషి కాదు కాబట్టి వైద్యం ఖర్చుకీ పరిహారానికీ ఆ పాలసీ కింద అడగవచ్చు. మిగిలింది మేసన్. పాపం, అందరికంటే ఎక్కువ దెబ్బ తగిలింది అతనికే. పై రెండు బీమాల్లోంచి అతనికి ఒక్క బైసా రాదు. అతని పేరు వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీలో ఉంటేనే బీమా డబ్బు వస్తుంది.

ఇంకో సంగతి. ఒమాన్ సివిల్ లావాదేవీల చట్టం 2013లో రాజశాసనం 29/2013 ద్వారా వచ్చింది. ఇతరులకు నష్టం కలిగించినవాడు ఆ నష్టాన్ని పూడ్చాలన్నది అందులోని మూల సూత్రం. కట్టిన బిల్డింగు కూలితే కాంట్రాక్టరు, డిజైన్ ఇచ్చిన ఇంజనీరు పదేళ్ల వరకూ బాధ్యులని కూడా ఆ చట్టం చెబుతుంది. అంటే ఆ ఇంటికి పదేళ్ల పూచీ ఉంది. దాన్ని కట్టిన మనిషికి ఎన్నాళ్ల పూచీ ఉందో మనమే అడిగి తెలుసుకోవాలి.

పనివాడి బీమా: చట్టం ఏమంటోంది?

పనిలో తగిలిన గాయానికీ, పని వల్ల వచ్చిన జబ్బుకీ పరిహారం ఇవ్వాలన్న చట్టం ఒమాన్‌లో కొత్తది కాదు. 1977లోనే రాజశాసనం 40/77గా వచ్చింది. ఆ బాధ్యత మోయడానికే కంపెనీలు వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ కొంటాయి. ఎంతమంది పనివాళ్లు, ఒక్కొక్కరి జీతమెంత అన్న లెక్క మీద ప్రీమియం కడతాయి.

2023లో రెండు పెద్ద చట్టాలు వచ్చాయి. ఒకటి కొత్త కార్మిక చట్టం, రాజశాసనం 53/2023. రెండోది సామాజిక రక్షణ చట్టం, రాజశాసనం 52/2023. ఈ రెండో దాంట్లో పనిగాయాల బీమాని సామాజిక రక్షణ నిధి కిందికి తెచ్చారు. విదేశీ కార్మికులని కూడా అందులో చేర్చేలా రాశారు. దానికి జీతంలో 1 శాతం కట్టాలి, అది కట్టాల్సింది యజమానే. అయితే విదేశీ కార్మికులకు ఈ భాగం వెంటనే మొదలు కాలేదు, అమలు తేదీని ముందుకు జరిపారు. అది పూర్తిగా అమలయ్యే వరకూ మీ యజమాని కొన్న ప్రైవేటు పాలసీయే మీకు దిక్కు.

అందుచేత పేస్లిప్‌లో "యాక్సిడెంట్ ఇన్సూరెన్స్" అని మీ జీతంలోంచి కోత కనబడితే ఊరుకోకండి. పనిగాయాల బాధ్యత యజమానిది. ఎందుకు కోశారో అడగండి, ఆ స్లిప్పు దాచుకోండి.

జాబితాలో మీ పేరుందా? ఏ జీతంతో ఉంది?

పాలసీ ఉంటే సరిపోదు, మీ పేరు అందులో ఉండాలి. పేరు ఎగిరిపోయే సందర్భాలు ఇవీ:

కంపెనీ మారినప్పుడు. 2021 జనవరి నుంచి కాంట్రాక్టు గడువు పూర్తి చేసినవారు పాత యజమాని నుంచి ఎన్ఓసీ లేకుండా కంపెనీ మారే వీలొచ్చింది. మంచిదే. కానీ పాత కంపెనీ జాబితా మీ వెంట రాదు. చేరిన వారంలోనే కొత్త కంపెనీవాళ్లని అడగాలి.

సప్లై మీద వెళ్లినప్పుడు. మీ బతాకా ఒక కంపెనీది, మీరు పనిచేసే సైటు ఇంకో కంపెనీది. దెబ్బ తగిలితే "మా మనిషి కాదు" అని ఒకరు, "మా సైటు కాదు" అని ఇంకొకరు తప్పుకుంటారు. ఏ కంపెనీ ఏ సైటుకి ఏ తేదీన పంపిందో తెలిపే కాగితం, గేట్ పాస్, హాజరు షీటు ఫోటో, కనీసం ఫోర్‌మన్ పంపిన వాట్సాప్ మెసేజీ మీ దగ్గర ఉండాలి.

ఆజాద్ వీసా మీద పనిచేసేటప్పుడు. చట్టంలో ఆజాద్ వీసా అనేదే లేదు. వీసా ఒకరిది, పని ఇంకొకరి దగ్గర అయితే ఏ పాలసీ జాబితాలోనూ పేరు ఉండదు, పైగా దొరికితే కేసు. నెలకి పది ఇరవై రియాళ్లు ఎక్కువ వస్తాయని వెళ్లేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి. కల్లివెల్లి అయినవాళ్ల సంగతీ ఇంతే. అయినా ఒక మాట గుర్తుంచుకోండి. కాగితాలు సరిగా లేవని భయపడి గాయాన్ని దాచొద్దు. ముందు ఆసుపత్రి, తర్వాత ఎంబసీ. ప్రాణం పోయాక కాగితాలు సరిచేసి లాభం లేదు.

ఇక జీతం. చేతికి 180 రియాళ్లు వస్తున్నా కాంట్రాక్టు కాగితం మీద 90 అనే ఉందనుకోండి. పరిహారం లెక్కగట్టేటప్పుడు బీమా కంపెనీ చూసేది కాగితాన్నే. బ్యాంకు ద్వారా జీతం తీసుకోవడం ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంటు కంటే గట్టి సాక్ష్యం ఇంకోటి లేదు.

"రూములో జారిపడ్డానని చెప్పు"

చాలా కేసులు చెడిపోయేది ఈ ఒక్క మాట దగ్గరే. ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలో కారులోనే ఎవరో ఒకరు అంటారు: "సైటులో అని చెప్తే పోలీసు కేసవుతుంది, నీకే తలనొప్పి. రూములో జారిపడ్డానని చెప్పు. వైద్యం ఖర్చంతా మేం చూసుకుంటాం."

ఒక వారం చూస్తారు, రెండు వారాలు చూస్తారు. ఆ తర్వాత టికెట్ తీసి ఇంటికి పంపిస్తారు. ఊరికెళ్లాక నడుము పట్టేసి పని చేయలేకపోతే అడగడానికి ఏమీ మిగలదు. ఎందుకంటే ఆసుపత్రి కాగితంలో "ఇంట్లో జారిపడ్డాడు" అని మీ నోటి మాటే రాసి ఉంది. పనిగాయం బీమా పనిలో తగిలిన గాయానికే ఇస్తారు.

కాబట్టి డాక్టరు అడిగినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పండి. ఏ సైటు, ఎన్ని గంటలకి, ఎంత ఎత్తు నుంచి, ఏం పని చేస్తుండగా. అరబ్బీ, ఇంగ్లీషు రాకపోతే హిందీలో చెప్పండి. ఆసుపత్రుల్లో మలయాళీ నర్సులు చాలామంది ఉంటారు, అడిగితే సాయం చేస్తారు. ఎండదెబ్బకీ ఇదే వర్తిస్తుంది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకూ మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఆరుబయట పని చేయించకూడదన్నది ఒమాన్ నిబంధన. ఆ వేళలో పని చేయిస్తుండగా పడిపోతే టైము చెప్పడం మరీ ముఖ్యం.

ఇంటి పని చేసే అక్కచెల్లెళ్లకు

గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి మస్కట్, సలాలా ఇళ్లల్లో పనికి వచ్చిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. అమ్మా, మీ సంగతి కొంచెం వేరు. ఇంటి పనివాళ్లు మామూలు కార్మిక చట్టం కిందికి రారు, మీకు మంత్రిత్వ శాఖ వేరే నిబంధనలు పెట్టింది. కాబట్టి మీకు దెబ్బ తగిలితే మొదట చూడాల్సింది మీ కాంట్రాక్టు కాగితం. వైద్యం ఎవరు చేయించాలని అందులో రాసి ఉందో ఫోటో తీసి ఇంటికి పంపి పెట్టుకోండి.

మీరున్న ఇంట్లోనో పక్కింట్లోనో బిల్డింగు పని జరుగుతూ మీకు దెబ్బ తగిలితే, పైన చెప్పినట్టు మీరు ఆ కాంట్రాక్టరుకి బయటి మనుషులు. థర్డ్ పార్టీ బీమా మీలాంటి వాళ్ల కోసమే. "పనమ్మాయి కదా, ఆమెకేం ఇస్తారు" అని ఎవరైనా అంటే నమ్మకండి. పోలీసు రిపోర్టు, ఆసుపత్రి రిపోర్టు ఉంటే అడిగే హక్కు మీకుంది.

విజిట్ వీసా మీద వచ్చి ఇళ్లల్లో పనిలో దిగినవాళ్లకి మాత్రం పెద్ద చిక్కుంది. అది కింద చెప్పబోయే మన దేశపు బీమాతో ముడిపడి ఉంది.

మన దేశం నుంచి మీతో వచ్చిన బీమా

పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ పాస్‌పోర్టు. దాని మీద పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సిన 18 దేశాల్లో ఒమాన్ ఒకటి. ఆ అనుమతి ఈ-మైగ్రేట్ ద్వారా వస్తుంది. దాంతో పాటు తప్పనిసరిగా తీసుకోవాల్సింది ప్రవాసీ భారతీయ బీమా యోజన. 2003లో మొదలైన ఈ పథకాన్ని 2017లో మార్చారు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. ప్రీమియం రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375, పన్ను అదనం. ఒక్క రోజు ఓవర్‌టైం డబ్బులకి అటూఇటూ అంతే.

దీనిలో గొప్ప సంగతి ఏమిటంటే, మీరు కంపెనీ మారినా ఇది పోదు. యజమాని ఎవరన్నదానితో సంబంధం లేదు. లోపమల్లా ఒకటే: గడువు. వచ్చేటప్పుడు ఏజెంటు తీసిన పాలసీ రెండు మూడేళ్లకి ముగుస్తుంది. మనం ఆరేళ్లు, ఎనిమిదేళ్లు ఉండిపోతాం. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోవచ్చు. ఇది చదివిన వెంటనే మీ పాలసీ కాగితం తీసి చివరి తేదీ చూసుకోండి. నామినీగా ఎవరి పేరుందో కూడా చూడండి. పెళ్లికి ముందు వచ్చినవాళ్ల కాగితాల్లో భార్య పేరు ఉండదు కదా.

విజిట్ వీసా మీద పనికి వచ్చినవాళ్లకి ఈ-మైగ్రేట్ అనుమతి ఉండదు, ఈ బీమా కూడా ఉండదు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండాలన్న నిబంధనని తప్పించడానికి కొందరు ఏజెంట్లు ఈ దారి చూపిస్తారు. ఊళ్లో మీ చెల్లెలో మరదలో వస్తానంటే ఈ ఒక్క మాట చెప్పండి: విజిట్ వీసా మీద వస్తే పది లక్షల బీమా గుమ్మంలోనే వదిలేసి వచ్చినట్టు.

ఆంధ్రప్రదేశ్ వాళ్ల కోసం ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ప్రవాసాంధ్ర భరోసా పేరుతో ఒక బీమా తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్ దేశాల్లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకి 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది, అందులో ఒమాన్ కూడా ఉంది. అయితే ఇది సాయమే గానీ బీమా కాదు. కుటుంబమే జిల్లా కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి, ఆలస్యం చేయకూడదు.

రోడ్డు ప్రమాదమైతే

కంపెనీ బస్సులో సైటుకి వెళ్తుండగా ప్రమాదం జరిగితే అది వాహన బీమా కిందికి వస్తుంది. ఒమాన్‌లో ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఇతరుల తప్పు వల్ల ప్రాణం పోతే ఇవ్వాల్సిన దియా, అంటే ప్రాణ పరిహారాన్ని, 2008లో రాజశాసనం 118/2008 ద్వారా 15,000 రియాళ్లుగా నిర్ణయించారు. ఇది అడగాలంటే పోలీసు రిపోర్టు, కోర్టు తీర్పు, ఊరి నుంచి వారసుల సర్టిఫికెట్, పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. ఈ పనికి తెలియనివాళ్ల పేరు మీద పవర్ ఇవ్వొద్దని ఇంటివాళ్లకి ముందే చెప్పి ఉంచండి. ఎంబసీని అడిగి, దాని ద్వారానే నడపడం మంచిది.

దెబ్బ తగిలిన రోజు చేయాల్సినవి

1. ప్రాణాపాయమైతే 9999కి ఫోన్ చేయండి. తోటివాళ్లలో ఒకరు ప్రమాదం జరిగిన చోటు, కూలిన పరంజా, తెగిన బెల్టు ఫోటోలు తీయాలి. మర్నాటికి అక్కడంతా శుభ్రం చేసేస్తారు.

2. డాక్టరుకి నిజం చెప్పండి. రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి.

3. చూసినవాళ్లు ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోండి. సాక్షి కంపెనీ మారినా ఊరికెళ్లినా నంబరుంటే దొరుకుతాడు.

4. చదవలేని అరబ్బీ కాగితం మీద సంతకం, వేలిముద్ర వేయొద్దు. "అన్ని బాకీలూ ముట్టాయి" అని అందులో ఉండొచ్చు. మీ కాపీ ఇవ్వమనండి, చదివించుకుని చెబుతాననండి.

5. కంపెనీ మాట దాటేస్తే కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు పెట్టండి. ముందు అక్కడి సెటిల్‌మెంట్ విభాగం రాజీకి చూస్తుంది, కుదరకపోతే కోర్టుకి వెళ్తుంది. అల్ ఖువైర్‌లోని మన ఎంబసీకి కూడా రాసి పెట్టండి. మదద్ పోర్టల్‌లో ఇంటివాళ్లు ఊరి నుంచే ఫిర్యాదు చేయవచ్చు.

6. కేసు తేలకముందే ఇంటికి పొమ్మంటే తొందరపడకండి. వెళ్లక తప్పకపోతే ఎవరికి పవర్ ఇవ్వాలో ఎంబసీని అడిగాకే విమానం ఎక్కండి.

మేస్త్రీలకు, చిన్న కాంట్రాక్టర్లకు

మనవాళ్లలోనే కొందరు కష్టపడి పైకొచ్చి విల్లా పనులు, టైల్సు పనులు సబ్ కాంట్రాక్టు తీసుకుంటున్నారు. అన్నా, మీకూ ఒక మాట. మీరు నలుగురిని పెట్టి పని చేయిస్తుంటే ఆ నలుగురి ఇళ్లల్లోవాళ్లకి మీరే కంపెనీ. "మెయిన్ కాంట్రాక్టరు పాలసీ ఉంది" అని ధీమాగా ఉండకండి. అందులో సబ్ కాంట్రాక్టరు చేరి ఉన్నాడా, వాళ్ల పనివాళ్లు చేరి ఉన్నారా అని పాలసీ కాపీ చూసి తేల్చుకోండి. లేకపోతే మీ పేరు మీద రెండూ తీసుకోండి, బయటివాళ్లకి థర్డ్ పార్టీ, మీ మనుషులకి వర్క్‌మెన్ కాంపెన్సేషన్. ఏడాదికి కట్టే ఆ డబ్బు బరువనిపిస్తుంది. ఒక్క మనిషి పైనుంచి పడితే ఆసుపత్రి బిల్లు, పరిహారం కలిపి మీ పదేళ్ల సంపాదన కరిగిపోతుంది. మీ ఊరివాణ్ణే పనిలో పెట్టుకుని ఉంటే, రేపు ఊళ్లో అతని తల్లికి మొహం చూపించాల్సింది కూడా మీరే.

ఈ శుక్రవారం వంట అయ్యాక రూములో అందరూ కూర్చుని మూడు విషయాలు చూసుకోండి. ప్రవాసీ బీమా చివరి తేదీ, నామినీ పేరు, కాంట్రాక్టు మీద రాసిన జీతం. శనివారమో ఆదివారమో ఆఫీసుకి వెళ్లి "వర్క్‌మెన్ పాలసీలో నా పేరుందా, పాలసీ నంబరెంత?" అని అడగండి. ఒక్కరే అడిగితే గొడవ పెట్టుకుంటున్నాడంటారు, రూమంతా కలిసి అడిగితే జవాబిస్తారు. వచ్చిన జవాబు ఏదైనా తేదీ వేసి రాసుకుని, ఫోటో తీసి ఇంటికి పంపండి.